తొలిరోజే అంతా చెప్పేయాలా?

ప్రశ్న: మాది విజయవాడ పాయకాపురం. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు ఇంట్లోకి వచ్చాయి. మామగారు మంచంలో ఉన్న మనిషి. ఆయన్ని మేడ మీదికి చేర్చేలోపు నీళ్లు నడుందాకా వచ్చేశాయి. మూడు రోజులు పైనే ఉన్నాం. తర్వాత పరిహారం అందింది, గోడలకు సున్నం వేయించాం, ఇంట్లో అందరూ మామూలైపోయారు. నేనే కాలేకపోతున్నాను. వాన మొదలైతే చేతులు చల్లబడిపోతాయి. వేసవిలో కూడా రాత్రి లేచి గడప దగ్గర తడి ఉందేమోనని చూసి వస్తాను. ట్రామా కౌన్సెలింగ్ చేసే ప్రైవేటు థెరపిస్టు ఒకరున్నారని మా చెల్లెలు చెప్పింది, ఫీజు తనే కడతానంది. వెళ్లేముందు ఏం తెలుసుకోవాలి? తొలిరోజే అంతా చెప్పేయాలా? తలుచుకుంటేనే భయంగా ఉంది. అత్తగారికి తెలిస్తే పిచ్చి పట్టిందంటారు.
– ఒక గృహిణి

జవాబు: అమ్మా, మిమ్మల్ని బాగా భయపెడుతున్న ప్రశ్నతోనే మొదలుపెడతాను. తొలిరోజు అంతా చెప్పనక్కర్లేదు. పని తెలిసిన థెరపిస్టు చెప్పమని అడగరు కూడా. ‘ఆ రోజు ఏం జరిగిందో మొదటినుంచీ చెప్పండి’ అని మొదటి గంటలోనే పట్టుబట్టేవారి దగ్గరికి నేనైతే రెండోసారి వెళ్లను.

మొదటి ఒకటి రెండు సెషన్లలో నిద్ర ఎలా ఉంది, ఏం మందులు వాడుతున్నారు, ఇంట్లో మీకు ఆసరా ఎవరు, చచ్చిపోవాలన్న ఆలోచనలేమైనా వస్తున్నాయా అని అడుగుతారు. దడ పుట్టినప్పుడు నిలదొక్కుకునే ఉపాయాలు నేర్పుతారు. ఊపిరి నిదానంగా వదలడం, కాళ్ల కింద నేల తగులుతోందని గమనించడం, గదిలో కనబడే వస్తువుల పేర్లు పైకి అనుకోవడం ఇలాంటివే. అవి మీకు అలవాటయ్యాకే ఆ రోజు సంగతికి వస్తారు, అదీ మీరు సరేనన్నాక. ‘ఈరోజు ఇక్కడితో చాలు’ అనే హక్కు ఎప్పుడూ మీదే.

ఇక, ఆ థెరపిస్టు ఏం చదివారో కనుక్కోండి. బోర్డు మీద ‘కౌన్సెలర్’ అని రాసుకోవడానికి మన దగ్గర పెద్ద అడ్డేమీ లేదు. చిన్న కోర్సు చేసి బోర్డు పెట్టినవారూ ఉన్నారు, ఏళ్ల తరబడి పెద్దల పర్యవేక్షణలో పని నేర్చుకున్నవారూ ఉన్నారు. సైకియాట్రిస్టు అంటే మానసిక వైద్యంలో పైచదువు చదివిన డాక్టరు, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. ఆ నంబరు అడిగి కౌన్సిల్ వెబ్‌సైటులో మీ చెల్లెలి చేత చూపించండి. కౌన్సెలరైతే ఎక్కడ చదివారు, ట్రామా పనిలో శిక్షణ ఎక్కడ పొందారు, కష్టమైన కేసులు ఎవరితో చర్చిస్తారు అని అడగండి. మొహమాటం వద్దు. ఈ ప్రశ్నలకు నొచ్చుకునే మనిషి ముందు మీ ఏడుపు ఏడవలేరు.

ఏ పద్ధతిలో చేస్తారో కూడా అడగాలి. ఇలాంటి బాధకు ట్రామా మీద దృష్టి పెట్టే సీబీటీని, ఈఎండీఆర్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సిఫారసు చేసింది. ఈఎండీఆర్‌లో ఆ జ్ఞాపకాన్ని మనసులో ఉంచుకుని, థెరపిస్టు వేలు అటూ ఇటూ కదుపుతుంటే కళ్లతో అనుసరిస్తారు. జరిగిందంతా వివరంగా నోటితో చెప్పలేనివారికి ఇది కొంత సులువు. సీబీటీ తరహాలో మీరు తప్పించుకు తిరుగుతున్నవాటి దగ్గరికి కొద్దికొద్దిగా తీసుకెళతారు. ముందు ఫోనులో వాన చప్పుడు వినడం, తర్వాత వరండాలో నిలబడి వాన చూడడం, ఎప్పటికో సింగ్‌నగర్ వైపు వెళ్లి బుడమేరు వంతెన మీద కాసేపు ఆగడం. ప్రతి మెట్టూ మిమ్మల్ని అడిగే ఎక్కిస్తారు. రాత్రి లేచి గడప చూసిరావడాన్ని తగ్గించుకోవడం కూడా ఇందులో భాగమే. మీ ఉత్తరంలోని ఆ వాక్యాన్ని థెరపిస్టుకు తప్పకుండా చెప్పండి, పని ఎక్కడ మొదలుపెట్టాలో వారికి దానితోనే తెలుస్తుంది. పూర్వజన్మలోకి తీసుకెళతామనేవారినీ, ఒక్క సిట్టింగులో భయం తీసేస్తామనేవారినీ నమ్మకండి.

ముందుగా ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. అసలు పని మొదలైన కొన్ని వారాలు బాధ పెరిగినట్టు అనిపించవచ్చు. కలలు ఎక్కువవుతాయి, చిన్నదానికే ఏడుపొస్తుంది. చాలామంది ‘ఇది నాకు పడలేదు’ అని మానేసేది ఇక్కడే. మానేముందు ఆ మాట థెరపిస్టుతోనే అనండి, వేగం తగ్గిస్తారు. పిల్లల పరీక్షలు, ఇంట్లో పెళ్లి ఉన్న నెలలో మొదలుపెట్టకండి. సెషన్ అయ్యాక కనీసం ఒక గంట మీకోసం ఉంచుకోండి. నేరుగా వంటింట్లోకి వెళ్లి పదిమందికి వండే రోజు దానికి పనికిరాదు.

డబ్బు సంగతి మొదటి ఫోనులోనే తేల్చుకోండి. సెషన్‌కు ఎంత, ఎంతసేపు, రాలేకపోతే కట్టాలా అని. ఒకే సంఘటన వల్ల కలిగిన బాధకు, వారానికొకటి చొప్పున ఎనిమిది నుంచి పదిహేను సెషన్ల దాకా పట్టడం మామూలే. ఇన్సూరెన్సు ఉన్నా, ఆసుపత్రిలో చేరకుండా తీసుకునే కౌన్సెలింగుకు చాలా పాలసీలు డబ్బివ్వవు. మీ చెల్లెలు ఎన్ని సెషన్లకు కట్టగలదో ఇద్దరూ ముందే మాట్లాడుకుంటే మంచిది, పని సగంలో ఉండగా ఆగిపోవడం మీకు మంచిది కాదు.

అత్తగారి విషయం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలి. ఇంట్లోవాళ్లు ఫోను చేసి అడిగినా మీ అనుమతి లేకుండా చెప్పకూడదు. మీ ప్రాణానికో మరొకరి ప్రాణానికో ముప్పు ఉన్నప్పుడు, కోర్టు ఆదేశించినప్పుడు మినహాయింపులున్నాయి. పిల్లల మీద లైంగిక హింస జరుగుతోందని తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పితీరాలి. ఈ హద్దుల్ని మొదటి రోజే వివరించే థెరపిస్టు మంచివారు. ఇంట్లో చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. కానీ ఒక్కరికైనా తెలిసి ఉండాలి, ఆ ఒక్కరు ఇప్పటికే మీ చెల్లెలు.

ప్రశ్న: నా భార్య మూడు వారాలుగా కౌన్సెలింగుకు వెళుతోంది. వచ్చాక మాట్లాడదు. లోపల ఏం చెప్పిందో అడగవచ్చా?
– గుడివాడ నుంచి ఒక భర్త

జవాబు: అడగవద్దు. ‘టీ పెట్టనా, కాసేపు పడుకుంటావా’ అని అడగండి. పిల్లల్ని ఆ సాయంత్రం మీరు చూసుకోండి. థెరపిస్టుకు విడిగా ఫోను చేయకండి, ఆమెకు తెలిస్తే అక్కడా నోరు మూసుకుంటుంది. చచ్చిపోతానన్న మాట ఆమె నోట వస్తే మాత్రం ఆలస్యం చేయకండి, ఆమెను ఒంటరిగా వదలకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

ప్రశ్న: మాది నాగాయలంక దగ్గర పల్లె. 1977 నవంబరు 19 ఉప్పెనలో చెల్లెలి చెయ్యి నా చేతిలోంచి జారిపోయింది. అప్పుడు నాకు పన్నెండేళ్లు. ఇప్పటికీ కలలో ఆ చెయ్యి తగులుతుంది. ఇంత వయసులో కౌన్సెలింగు పనికొస్తుందా? మా అబ్బాయి వెళ్దామంటున్నాడు.
– ఒక రైతు

జవాబు: అన్నగారూ, పనికొస్తుంది. దశాబ్దాల కిందటి బాధలకు కూడా ఈ చికిత్సలు పనిచేస్తాయి. దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు మీ బాధకు వైద్యంలో ఇంకా ఒక స్థిరమైన పేరు కూడా లేదు. అమెరికా మానసిక వైద్యుల సంఘం దాన్ని తన జబ్బుల జాబితాలో చేర్చింది 1980లో. శవాలు వెతకడం, గుడిసెలు లేపడం, మళ్లీ నాట్లు వేయడం తప్ప అప్పుడు మిమ్మల్ని కూర్చోబెట్టి అడిగేవారెవరు?

మీది భయం ఒక్కటే కాదనుకుంటాను. ‘నేనే వదిలేశానేమో’ అన్నది మిమ్మల్ని తొలుస్తున్నట్టుంది. ఆ నేరభావం మీద నేరుగా పనిచేసే పద్ధతులున్నాయి. పన్నెండేళ్ల పిల్లవాడి చేతికి ఆ నీటి వేగంలో ఎంత బలం ఉంటుందన్నది ఒక మనిషి ఎదుట కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం. ‘అయిపోయింది, మర్చిపోండి’ అనేవారి దగ్గర అది తేలదు.

బీపీ, గుండె మందులు వాడుతుంటే ఆ చీటీ వెంట తీసుకెళ్లండి. నిద్రమాత్రలు ఉన్నట్టుండి మానకండి. ప్రైవేటు ఫీజు భారమైతే విజయవాడ ప్రభుత్వ సర్వజనాసుపత్రి మానసిక వైద్య విభాగంలో ఓపీ చీటీ రాయించుకోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. మొదటిరోజు మీ అబ్బాయిని తోడు తీసుకెళ్లండి. చెల్లెలి గురించి చెప్పేటప్పుడు అతను లోపల ఉండాలో బయట కూర్చోవాలో మీరే చెప్పండి.