పచ్చని చెట్టుకు అర్థం ఒక్కటేనా?

ప్రశ్న: బైబిల్లో దేవదారు, సరళవృక్షాల మాట తరచూ వస్తుంది. ఎప్పుడూ పచ్చగా ఉండే ఈ చెట్లకు ప్రత్యేక అర్థం ఉందా? క్రిస్మస్ చెట్టు అక్కడినుంచే వచ్చిందా?

జవాబు: ముందు వాడుక చూద్దాం. సొలొమోను కట్టిన మందిరానికి తూరు రాజు హీరాము లెబానోను మానుల్ని తెప్పలుగా కట్టి సముద్రం మీద పంపాడు. బదులుగా గోధుమలు, నూనె అందుకున్నాడు. గోడలకు దేవదారు, నేలకు సరళపు పలకలు, అతి పరిశుద్ధ స్థలం తలుపులకు ఒలీవ కర్ర వాడారు. ఒలీవ కూడా ఆకు రాల్చని చెట్టే. దేవదారు చెక్క సువాసన వేస్తుంది, తొందరగా పుచ్చదు. అన్నట్టు, మన హిమాలయాల దేవదారు దీనికి దగ్గరి చుట్టమే గానీ అదే చెట్టు కాదు.

ఇక అర్థం సందర్భాన్ని బట్టి మారుతుంది. 92వ కీర్తనలో నీతిమంతుడు దేవదారులా ఎదుగుతాడు. హోషేయ 14లో దేవుడే తనను పచ్చని సరళవృక్షంతో పోల్చుకుంటాడు. యెషయా 2లో మాత్రం అదే దేవదారు గర్వానికి గుర్తు! ద్వితీయోపదేశకాండం 12 పచ్చని చెట్ల కింది అన్యపూజా స్థలాలను నాశనం చేయమంటుంది.

క్రిస్మస్ చెట్టు బైబిల్లో లేదు. అది 16వ శతాబ్దపు జర్మన్ ప్రాంతాల ఆచారం. యిర్మీయా 10 దాన్ని నిషేధించిందని కొందరంటారు. ఆ మాటలు చెక్కి నిలబెట్టిన విగ్రహం గురించి. అధ్యాయం మొత్తం ఒకసారి చదివి చూడండి.