కొలత లేని బల్ల

చైతన్యపురి మన పల్లెలలో అనేకులు ఎరిగిన పేరే. హైదరాబాదు తూర్పున, దిల్‌సుఖ్‌నగర్‌కును ఎల్.బి. నగర్‌కును నడుమనున్న ఈ పేటలో మన బిడ్డలు హాస్టళ్లలో ఉండి కోచింగు తరగతులకు పోవుచున్నారు. 2018 సెప్టెంబరు 24న ఈ దారిని మెట్రో రైలు ప్రారంభమైనది. ఇచ్చట "అన్‌లిమిటెడ్" అను బోర్డు కట్టిన భోజనశాలలు గలవు. తలకొక వెల చెల్లించినచో తినగలిగినంత తినవచ్చును. పుట్టినరోజనియు, ఉద్యోగము వచ్చెననియు మన పిల్లలు అట్టి చోట్లకు పోవుదురు గనుక, ఈ మాసము దీనిని గూర్చి ఆలోచింతము.

ఇట్టి విందులలో హాట్‌పాట్ అనునది యొకటి. ఇది అన్నము వేడిగా నుంచు డబ్బా కాదు. చైనా దేశపు భోజన పద్ధతి. బల్ల నడుమ పొయ్యిమీద రసము మరుగుచుండును. చుట్టు కూర్చున్నవారు సన్నగా కోసిన మాంసమును, ఆకుకూరలను అందులో వేసి, ఉడికిన కొలది తీసికొని తిందురు. మన దేశమున 2006లో ముంబాయిలో మొదలైన బార్బెక్యూ నేషన్ భోజనశాలలు కుండకు బదులు నిప్పుల కుంపటిని బల్ల నడుమ నుంచి, ఒకే వెలకు వడ్డించుచున్నవి.

ఈ కుండవలన ఒక మేలు నేర్చుకొనవచ్చును. మాంసము వేసినవాడు అది ఉడుకువరకు కనిపెట్టవలెను. పచ్చిదానిని పట్టిన పటకారుతో ఉడికినదానిని తీయరాదు. తీసినచో తనకే గాక ప్రక్కవానికిని రోగము రావచ్చును. ఒకే కుండలో తినువారు ఒకరినొకరు చూచుకొనక తప్పదు.

అయితే కీడును గలదు. "వెల చెల్లించితిమి గదా, రాబట్టుకొనవలెను" అను తలంపు పుట్టును. చెల్లించిన సొమ్ము ఎంత తిన్నను తిరిగి రాదు. ఒళ్లు మాత్రము చెడును. కడుపు నిండిన సంగతి మనకు తెలియుటకే సుమారు 20 నిమిషములు పట్టును. ఈలోగా పళ్లెము నింపుకొన్నది పారవేయబడును. 2022లో లోకమంతట 105 కోట్ల టన్నుల ఆహారము వ్యర్థమైనదనియు, అందులో 28 శాతము భోజనశాలలు మొదలగు వడ్డన స్థలములలోనిదనియు ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ లెక్క కట్టినది.

అరణ్యములో ఇశ్రాయేలీయులకు రెండు విధముల ఆహారము దొరికెను. మన్నాను తలకొక ఓమెరు చొప్పున కూర్చుకొనిరి. ఎవరికిని తక్కువ కాలేదు, ఎవరికిని మిగులలేదు. మరునాటికి దాచినది పురుగు పట్టెను. పూరేళ్లు వచ్చినప్పుడు మాత్రము పగలును రాత్రియు కూర్చిరి. ఆ చోటికి దురాశకు లోనైనవారి సమాధుల పేరు నిలిచెను. ఆహారము సమృద్ధిగా దొరకుట పాపము కాదు. కొలత మరచుటయే కీడు.

ఈ పాఠము పట్టణపు బిడ్డలకు మాత్రమే కాదు. కొరింథులో ముందు వచ్చినవారు తినివేయగా, పేదలు ఆకలితో నుండిరి. మన కోత పండుగ ప్రేమవిందులో మొదటి బంతివారి ఆకులలో మాంసము మిగిలిపోవును. పొలము పని ముగించుకొని ఆలస్యముగా వచ్చిన కూలివారికిని, పొద్దుటినుండి పొయ్యియొద్ద నిలిచిన స్త్రీలకును అడుగంటిన కుండ దొరకును. ఆ విందుకు బోర్డు లేదు, వెల లేదు. అయినను తప్పు అదియే.

కాబట్టి తల్లిదండ్రులారా, స్నేహితులతో విందుకు పోయిన బిడ్డను కోపగింపకుడి. కొంచెముగా వడ్డించుకొని, చాలనిచో మరల తెచ్చుకొనుమని చెప్పుడి. సంఘపెద్దలారా, రాబోవు విందులో వండినవారికిని ఆలస్యముగా వచ్చువారికిని ముందుగానే పాలు తీసి, మూతపెట్టి యుంచుడి.

చర్చించుటకు: 1. మన విందులో చివర తినువారెవరు? 2. వారికి మిగులునదేమి? 3. ఈసారి మొదటి బంతిలో ఎవరిని కూర్చుండబెట్టుదము?