జపాన్ ఎంబసీ స్కాలర్‌షిప్‌కు జపనీస్ రావాలా?

ప్రశ్న: బీటెక్ చివరి ఏడాదిలో ఉన్నాను. జపాన్ ఎంబసీ ద్వారా పీజీకి వెళ్లాలంటే ముందే జపనీస్ నేర్చుకోవాలా? సీటు ఇప్పిస్తానని ఒక ఏజెంటు డబ్బు అడుగుతున్నాడు.
– ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: ఏజెంటుకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. జపాన్ ప్రభుత్వం 1954 నుంచి ఇస్తున్న మెక్స్ట్ స్కాలర్‌షిప్ ఇది. ఎంపికైతే ట్యూషన్ ఫీజు, రానుపోను విమాన ఖర్చు, నెలనెలా భృతి వాళ్లే ఇస్తారు. పీజీకి వెళ్లేవాళ్లు ఎంచుకునే రీసెర్చ్ విభాగానికి జపనీస్ రాకపోయినా దరఖాస్తు చేయొచ్చు. ఇంగ్లిష్‌లో బోధించే కోర్సులున్నాయి. అసలు కష్టమంతా దరఖాస్తుతో పాటు ఇవ్వాల్సిన పరిశోధన ప్రణాళికలోనే ఉంది. జపాన్ అంటే ఇష్టమని రాస్తే చాలదు. ఏ సమస్య మీద, ఏ పద్ధతిలో పనిచేస్తారో, అందుకు జపానే ఎందుకో స్పష్టంగా తేలాలి. మీ ప్రొఫెసరుతో రెండు మూడుసార్లు దిద్దించుకోండి. ప్రకటన సాధారణంగా వేసవిలో వస్తుంది. ఏప్రిల్ నుంచే ఎంబసీ వెబ్‌సైట్ చూస్తూ ఉండండి.