బరువు తగ్గే ఆపరేషన్ తర్వాత... మొదటి ఎనిమిది వారాలు

బళ్ళారి కంటోన్మెంట్ నుంచి ఒక సోదరి ఇలా రాశారు:

"నా వయసు 42. బరువు 112 కిలోలు ఉండేది. షుగర్, మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి. బెంగళూరులో పొట్ట చిన్నది చేసే స్లీవ్ ఆపరేషన్ చేయించుకుని నేటికి 24 రోజులు. మొదటి రెండు వారాల్లో తొమ్మిది కిలోలు తగ్గాను. ఎనిమిది రోజులుగా కాటా కదలడం లేదు. ఇంట్లో మా అత్తగారు 'ఏమీ తినడం లేదు, నీరసించిపోతావ్' అంటూ ఖిచిడీలో నెయ్యి వేసి పెడుతున్నారు. పక్కింటి ఖాలా మాత్రం సఫూఫె ముహజ్జిల్, నిమ్మరసంలో తేనె మొదలుపెట్టమంటోంది. నేనేం చేయాలి?"

సోదరీ! మీరు చేయవలసింది ఈ రెండూ కాదు. మీ శరీరం ఇప్పుడు బరువు తగ్గించుకునే పనికంటే పెద్ద పనిలో ఉంది. అది లోపలి గాయాన్ని మాన్పుకుంటోంది. ఈ సంగతి తెలియకపోవడం వల్లనే చాలా ఇళ్ళలో ఒకరు ఎక్కువ తినిపించి, మరొకరు మందులు వేయించి రోగిని ఇబ్బందుల్లోకి నెడుతున్నారు. ఇది ఒక్క ఇంటి సమస్య కాదు గనుక, అందరికీ ఉపయోగపడేలా వివరంగా చెప్పుకుందాం.

ఈ ఆపరేషన్ ఏమిటి?

యునానీలో అతి స్థూలకాయాన్ని 'సమనె ముఫ్రిత్' అంటారు. చికిత్సలు నాలుగు రకాలు: ఆహారంతో చేసేది ఇలాజ్ బిల్ గిజా, జీవన విధానాన్ని సవరించేది ఇలాజ్ బిత్ తద్‌బీర్, మందులతో చేసేది ఇలాజ్ బిద్ దవా, చేతితో చేసేది, అంటే శస్త్రచికిత్స, ఇలాజ్ బిల్ యద్. కొర్డోవా నగరానికి చెందిన అబుల్ ఖాసిం జహ్రావీ వెయ్యేళ్ళ క్రితమే తన 'కితాబుత్ తస్రీఫ్'లోని ముప్ఫయ్యో భాగాన్ని పూర్తిగా శస్త్రచికిత్సకు కేటాయించారు. కాబట్టి ఆపరేషన్ చేయించుకోవడం మన వైద్యానికి విరుద్ధమేమీ కాదు. మిగతా మూడు మార్గాలూ చాలనప్పుడు నాలుగోది అవసరమవుతుంది.

స్లీవ్ పద్ధతిలో జీర్ణాశయాన్ని సుమారు నాలుగింట మూడు వంతులు తీసేస్తారు. మిగిలేది అరటికాయంత సన్నని గొట్టం. బైపాస్ పద్ధతిలో రెండు మూడు చెంచాల ఆహారం పట్టేంత చిన్న సంచి చేసి, దాన్ని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. రెండింటిలోనూ లోపల పొడవైన కుట్ల వరుస ఉంటుంది. పైన చర్మం మీద గాట్లు వారం పది రోజుల్లో మానిపోతాయి. లోపలి కుట్లు గట్టిపడడానికి ఆరు వారాలు పడుతుంది. పైకి బాగానే కనిపిస్తున్నారు కదా అని ఎవరూ మోసపోకూడదు.

కాటా ఎందుకు ఆగింది?

మన కాలేయంలో, కండరాల్లో సుమారు అర కిలో చక్కెర నిల్వ ఉంటుంది. ప్రతి గ్రాము చక్కెరా దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. ఆపరేషన్ తర్వాత తిండి తగ్గగానే ఆ నిల్వ ఖర్చై, నీరు కూడా పోతుంది. అందుకే మొదట్లో బరువు చకచకా దిగుతుంది. తర్వాత శరీరం ఆ నిల్వను, నీటిని కొంత తిరిగి నింపుకుంటుంది. లోపల కొవ్వు కరుగుతూనే ఉంటుంది గానీ, చేరిన నీరు కాటా మీద దాన్ని కప్పేస్తుంది. మూడో వారం అటూ ఇటూగా ఇలా ఆగడం చాలామందిలో కనిపిస్తుంది. వారం రెండు వారాల్లో మళ్ళీ దిగుతుంది. కాబట్టి వారానికి ఒక్కసారే, ఒకే రోజు, ఉదయం పరగడుపున తూచుకోండి. రోజూ కాటా ఎక్కి దిగులు పడకండి.

నఖాహత్: కోలుకునే కాలం

జబ్బు వదిలినా బలం ఇంకా రాని దశను యునానీ వైద్యులు 'నఖాహత్' అన్నారు. ఆ దశలో ఉన్న మనిషికి వేరే నియమాలు చెప్పారు. తేలికైన ఆహారం, కొద్ది కొద్దిగా, అరుగుదలను చూసి పెంచుకుంటూ పోవాలి. బలమైన మందులు ఇవ్వకూడదు. ఆరోగ్యానికి ఆధారమైన ఆరు విషయాలను 'అస్‌బాబె సిత్తా జరూరియా' అంటారు. ఆపరేషన్ తర్వాతి వారాలను ఆ ఆరింటి వరుసలోనే చూద్దాం.

1. గాలి: ఆసుపత్రిలో నేర్పిన దీర్ఘశ్వాసలను ఇంటికి వచ్చాక కూడా కొనసాగించాలి. పడుకునే ఉంటే ఊపిరితిత్తుల అడుగున కఫం చేరి జ్వరం వస్తుంది. సిగరెట్, బీడీ, హుక్కా పూర్తిగా మానాలి. పొగ కుట్లు మానకుండా చేస్తుంది, పుండ్లు తెస్తుంది.

2. తిండి, నీరు: అసలు కీలకం ఇదే. మీ సర్జన్ ఇచ్చిన చీటీయే ప్రధానం. సాధారణంగా వరుస ఇలా ఉంటుంది.

మొదటి ఒకటి రెండు రోజులు: నీరు, వడగట్టిన బార్లీ నీళ్ళు, కొవ్వు తీసిన పలుచని యఖ్నీ. బార్లీ నీళ్ళనే మన హకీములు 'మావుష్ షయీర్' అంటారు.

రెండో వారం చివరిదాకా: వెన్న తీసిన పాలు, పలుచని మజ్జిగ, వడగట్టిన పెసరకట్టు, డాక్టర్ చెప్పిన ప్రొటీన్ పొడి.

మూడు, నాలుగు వారాలు: మిక్సీలో మెత్తగా చేసిన పప్పు, పెరుగు, గుడ్డు, మెత్తగా ఉడికించి రుబ్బిన కోడిమాంసం.

ఐదు, ఆరు వారాలు: మెత్తని చేప, కీమా, పనీర్, బాగా ఉడికిన కూరగాయలు.

ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత: మామూలు ఆహారం, నిదానంగా. జొన్నరొట్టె, గట్టి అన్నం, పీచు మాంసం అన్నిటికంటే చివర రావాలి.

రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ అందాలి. అది అందకపోతే శరీరం కొవ్వుతో పాటు కండను కూడా కరిగించుకుంటుంది. ఒక గుడ్డులో 6 గ్రాములు, గ్లాసు పాలలో 7 గ్రాముల వరకు, 100 గ్రాముల చేపలో దాదాపు 20 గ్రాములు ఉంటుంది. అందుకే ప్రతిసారీ ముందు ప్రొటీన్ తినాలి. కడుపులో చోటు మిగిలితేనే అన్నం ముద్ద.

అత్తగారికి ఒక మాట. అమ్మా! మీ ప్రేమను తప్పు పట్టడం లేదు. కానీ మీ కోడలి పొట్ట ఇప్పుడు ఒక చాయ్ కప్పంత. అందులో నెయ్యి ఖిచిడీ పడితే గుడ్డుకు చోటుండదు. నీరసం తగ్గాలంటే నెయ్యి కాదు, ఆ గుడ్డు కావాలి. తినిపించాలన్న కోరికను గంటగంటకూ నాలుగు గుక్కల నీళ్ళు అందించడంలో తీర్చుకోండి.

రోజుకు కనీసం లీటరున్నర నీరు, గుక్క గుక్కగా తాగాలి. బళ్ళారి ఎండల్లో ఇంకా ఎక్కువ కావాలి. తినేటప్పుడూ, తిన్న అరగంట దాకా నీరు వద్దు. మూత్రం ముదురు పసుపుగా ఉంటే నీరు చాలడం లేదని అర్థం. సోడా, కూల్‌డ్రింకులు వద్దే వద్దు. సాయంత్రం ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ వాసన నోరూరించినా, పండుగకు షీర్ ఖుర్మా గిన్నె ముందుకొచ్చినా, ఈసారికి దూరంగా ఉండండి.

తీపి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. తేనె, షర్బత్, బెల్లం పానకం కడుపులో నిలవకుండా ఒక్కసారిగా పేగులోకి జారితే గుండెదడ, చెమటలు, కడుపులో మెలిపెట్టడం, విరేచనాలు వస్తాయి. గంట రెండు గంటల తర్వాత షుగర్ పడిపోయి కళ్ళు తిరుగుతాయి. దీన్ని 'డంపింగ్' అంటారు. బైపాస్ అయినవారిలో ఇది ఎక్కువ, స్లీవ్ వారిలోనూ రావచ్చు. మన మాజూన్లు, ఖమీరాలు, జవారిష్‌లు చక్కెర లేదా తేనె పాకంలోనే తయారవుతాయి. కాబట్టి వాటిని కూడా పక్కన పెట్టాలి.

3. కదలిక, విశ్రాంతి: మొదటి రోజు నుంచే నడవాలి. ఇంట్లోనే ఐదు నిమిషాలు, రోజుకు ఆరేడుసార్లు. కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా కాపాడేది ఈ నడకే. నెల దాటేసరికి రోజుకు అరగంటకు చేరాలి. ఆరు వారాల దాకా నీళ్ళ బిందెలు, బియ్యం బస్తాలు ఎత్తకూడదు. వంగడం కష్టంగా ఉన్నన్ని రోజులు కుర్చీలో కూర్చుని నమాజు చేసుకోవచ్చు. వాచిన కాలిని మర్దన చేయకండి. అది గడ్డ అయితే ఊపిరితిత్తులకు చేరి ప్రాణం మీదికి వస్తుంది.

4. మనసు: తిండి మనకు ఆనందం, మర్యాద, చుట్టరికం. అది ఒక్కసారిగా దూరమైతే ఏడుపు రావడం, చిరాకు కలగడం సహజం. 'ఎందుకు చేయించుకున్నానా' అని నాలుగో వారంలో అనిపించవచ్చు. ఇంట్లో వాళ్ళు ఎగతాళి చేయకూడదు, ఇతరులతో పోల్చకూడదు. దిగులు వారాల తరబడి ఉంటే డాక్టర్‌కు చెప్పండి.

5. నిద్ర: తల వైపు కొంచెం ఎత్తు పెట్టుకుని పడుకోండి. గురక యంత్రం వాడేవారు డాక్టర్ చెప్పకుండా మానకూడదు.

6. నిలుపుదల, విసర్జన: ప్రొటీన్ పెరిగి, నీరు, పీచు తగ్గడం వల్ల మలబద్ధకం వస్తుంది. ఇసబ్‌గోల్ నీళ్ళు చాలకపోతే గొంతులోనో, పొట్టలోనో ఉండకట్టవచ్చు. డాక్టర్‌ను అడిగే వాడాలి. వాంతులు రోజుల తరబడి ఆగకపోతే తేలికగా తీసుకోకండి. విటమిన్ బి1 లోపించి చూపు రెండుగా కనబడడం, నడక తూలడం, మతిమరుపు రావచ్చు. ఇది అత్యవసర పరిస్థితి.

యునానీ మందులు వాడవచ్చా?

సఫూఫె ముహజ్జిల్‌లో ఓమ, జీలకర్ర, లక్క లాంటివి ఉంటాయి. వేడి, పొడి గుణం గల మందు ఇది. కఫప్రకృతి గల లావు మనిషికి హకీము నాడి చూసి ఇచ్చేది. పచ్చిగాయం ఉన్న పొట్టకు, అసలే నీరు చాలని శరీరానికి పనికిరాదు. నఖాహత్‌లో ఉన్న మనిషి బలం కూడగట్టుకోవాలి, ఉన్నది కరిగించుకోకూడదు. కుష్తాలు అసలే వద్దు. హిజామా కూడా వాయిదా వేయండి. రక్తం పలుచబడే సూదులు వాడుతుండవచ్చు, రక్తహీనత ఉండవచ్చు. ఏ హకీము దగ్గరకు వెళ్ళినా ఆపరేషన్ సంగతి ముందే చెప్పండి.

విటమిన్లు జీవితాంతం

మల్టీవిటమిన్, బి12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి మాత్రలు బలం కోసం వేసుకునే టానిక్కులు కావు. చిన్నబడిన పొట్ట వాటిని ఆహారం నుంచి సరిగా తీసుకోలేదు కాబట్టి బయటి నుంచి ఇవ్వాలి. ఐరన్‌కూ కాల్షియంకూ మధ్య రెండు గంటల వ్యవధి ఉండాలి. ఐరన్ చాయ్‌తో వేసుకోకండి. జెలటిన్ గొట్టాల గురించి సందేహం ఉంటే మానేయకండి, మాత్ర లేదా నమిలే రూపంలో రాయమని అడగండి. మూడో నెల నుంచి ఆరో నెల దాకా జుట్టు రాలవచ్చు. చాలామందికి మళ్ళీ వస్తుంది.

షుగర్, బీపీ మందుల మోతాదు వారం వారం మారవచ్చు. పాత మోతాదే వేసుకుంటే షుగర్ పడిపోతుంది. ఒళ్ళునొప్పులకు బ్రూఫెన్ లాంటి మాత్రలు కొనకండి, పుండ్లు పడతాయి. ఏడాది, ఏడాదిన్నర దాకా గర్భం రాకుండా జాగ్రత్తపడాలి. మొదటి నెలల్లో రోజా పాటించడం నీటి లోటుకు దారితీస్తుంది. రోగికి దాన్ని తర్వాత పూర్తిచేసుకునే వెసులుబాటు షరీఅత్‌లోనే ఉంది. సర్జన్‌తో మాట్లాడి నిర్ణయించుకోండి.

వెంటనే ఆసుపత్రికి ఎప్పుడు?

- జ్వరం, చలి
- కూర్చున్నా తగ్గని గుండెదడ, నిమిషానికి 120 దాటిన నాడి
- పెరుగుతున్న కడుపునొప్పి, ఎడమ భుజంలో నొప్పి
- ఆయాసం, ఒక కాలు వాచి నొప్పి
- నీళ్ళు కూడా నిలవని వాంతులు, నల్లని మలం

వీటిలో ఏ ఒక్కటి కనబడినా తెల్లవారేదాకా ఆగకండి. ఆపరేషన్ చేసిన డాక్టర్ బెంగళూరులోనో, హైదరాబాద్‌లోనో మూడు వందల కిలోమీటర్ల దూరంలో ఉంటారు. ముందు కంటోన్మెంట్‌లోనే ఉన్న, మనందరం విమ్స్ అని పిలుచుకునే ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్ళండి. డిశ్చార్జి కాగితం తలగడ పక్కనే ఉంచుకోండి. 'పొట్టకు ఆపరేషన్ అయింది' అని మొదటి మాటగా చెప్పండి. అక్కడి నుంచే మీ సర్జన్‌కు ఫోన్ చేయించండి.

సోదరీ! ఈ వారం కాటాను మంచం కిందికి తోసేయండి. దాని బదులు ఒక కాగితం మీద మూడు లెక్కలు రాసుకోండి: ఎన్ని గ్రాముల ప్రొటీన్, ఎన్ని గ్లాసుల నీరు, ఎన్ని నిమిషాల నడక. ఈ మూడూ సరిగా ఉంటే బరువు దిగడం మళ్ళీ మొదలవుతుంది. ఇవి సరిగా ఉండి కూడా నెల రోజులు బరువు కదలకపోతే, ఆ కాగితం తీసుకుని మీ సర్జన్ దగ్గరకు వెళ్ళండి.