ఇంటి రేడియో ఏరియల్‌కు పిడుగు రక్షణ

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నమును తాకి టెలిఫోన్లు పనిచేయనప్పుడు అమెచ్యూర్ రేడియోవారు వార్తలు అందించిరి. పరీక్ష ప్యాసై లైసెన్సు పొందినచో మన గ్రామ యువకులును ఇట్టి సెట్టు పెట్టుకొనవచ్చును. అయితే ఏరియల్‌కు సరియైన ఎర్తు లేనిచో పిడుగు కేబులు వెంట ఇంటిలోనికే వచ్చును.

పిడుగులో సామాన్యముగా 30,000 ఆంపియర్ల వరకు కరెంటు కొద్ది మైక్రోసెకండ్లలో ప్రవహించును. అంత వేగమునకు మీటరు పొడవు తీగెలోనే వేల వోల్టులు పుట్టును. కావున స్తంభము మొదటినుండి ఎర్తు కడ్డీ వరకు వెడల్పాటి రాగి పట్టీని పొట్టిగా, తిన్నగా దింపవలెను. మిగిలిన తీగెను చుట్టగా చుట్టి వదలరాదు.

చాలమంది ఏరియల్‌కు వేరుగా ఒక కడ్డీ పాతి, ఇంటి మీటరు బోర్డు ఎర్తుతో దానిని కలుపరు. ప్రమాదమంతయు ఇచ్చటనే ఉన్నది. నీటిమట్టము వేరైన రెండు కుంటల మధ్య బలహీనమైన గట్టు తెగినట్లు, రెండు ఎర్తుల మధ్య కరెంటు రేడియో సెట్టుగుండా, ఒక్కొక్కప్పుడు మనిషిగుండా త్రోవ చేసికొనును. అన్ని ఎర్తులను లావుపాటి రాగి తీగెతో ఒకటిగా కలుపవలెను. ఈ తీగెను న్యూట్రలుకు మాత్రము తగిలించరాదు. ఈ పని లైసెన్సు గల వైర్‌మన్‌చే చేయించుట మేలు.

కడ్డీ 8 అడుగులకు తక్కువ కారాదు. తేమ నిలిచే నల్లరేగడిలో ఒక కడ్డీతో పని జరుగవచ్చును. గరప నేలలో రెండు మూడు కావలెను. వాటి మధ్య దూరము కడ్డీ పొడవుకు రెట్టింపు ఉండవలెను. కొలిచినప్పుడు ఎర్తు నిరోధము 10 ఓములకు మించరాదు. ఉప్పు, బొగ్గు వేయుట మన పాత అలవాటే గాని, ఉప్పు వానకు కరగిపోవును, ఇనుమును తినివేయును. బెంటోనైటు మన్ను మేలు.

కేబులు గోడలో ప్రవేశించుచోట, ఇంటి వెలుపల, అరెస్టరు బిగించి దానిని అదే ఎర్తుకు కలుపవలెను. అరెస్టరున్నదను ధీమా పనికిరాదు. ఉరుము వినబడకముందే, మబ్బు కమ్మగానే కేబులు ఊడదీసి వెలుపల ఉంచవలెను. ఉరుములు మొదలైన పిదప దానిని ముట్టరాదు.

ఎర్తు కడ్డీ దగ్గర పశువులను కట్టివేయరాదు. పిడుగు నేలలో వ్యాపించునప్పుడు ముందు కాళ్లకు, వెనుక కాళ్లకు మధ్య వోల్టేజి ఏర్పడి పశువు చనిపోవును. స్తంభము కొష్టమునకు దూరముగా ఉండవలెను. వేసవి గాలివానలకు ముందొకసారి, చిత్త కార్తెకు ముందొకసారి బిగింపులు విప్పి, త్రుప్పు గీకి మరల బిగించవలెను.