చలికాలానికి ముందే గోబర్ గ్యాస్ ప్లాంటును సిద్ధం చేసుకుందాం

(పాల సంఘ సభ్యులకు పాఠం)

ధనుర్మాసం రాగానే గోబర్ గ్యాస్ ఉన్న ఇళ్లలో ఒకే మాట వినబడుతుంది: "గ్యాసు చాలడం లేదు." గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో పత్తి తీతలు, మిరప కోతలు జరిగే రోజులవి. ఇల్లాలు పెందలాడే వంట ముగించి చేలోకి వెళ్లాలి. మంట చాలకపోతే పత్తికట్టె పొయ్యి మళ్లీ రాజుకుంటుంది, పొగ మళ్లీ కళ్లలోకి వస్తుంది. పొయ్యికి అలవాటు పడిన ఇంట్లో పేడ కలపడం మీద శ్రద్ధ తగ్గుతుంది. శ్రద్ధ తప్పిన ప్లాంటు వేసవి నాటికి మూలపడుతుంది. కనుక ప్లాంటు పదికాలాల పాటు పనిచేయాలంటే కార్తీకంలోనే దాన్ని చలికి సిద్ధం చేయాలి.

గ్యాసు ఎందుకు తగ్గుతుంది?

పేడ నుండి గ్యాసు పుట్టించేవి కంటికి కనబడని సూక్ష్మజీవులు. గాలి చొరబడని చోట అవి పేడను కుళ్లబెట్టి, మండే గుణం గల మీథేన్ వాయువును తయారుచేస్తాయి. వాటికి 30 నుండి 35 డిగ్రీల సెల్సియస్ వేడి అనుకూలం. 20 డిగ్రీలకు దిగువన వాటి పని బాగా మందగిస్తుంది. 10 డిగ్రీల వద్ద దాదాపు ఆగిపోతుంది. మన మైదానాల్లో జనవరి రాత్రులు 18 డిగ్రీల దరిదాపులకు దిగుతాయి. పగలు ఎండ ఉంటుంది. అందువల్ల కొండ ప్రాంతాల్లో వలె మన ప్లాంటు ఆగిపోదు, మందగిస్తుంది. ఆ మందగింపును తగ్గించడం మన చేతిలో పనే.

ఒక చిన్న లెక్క చూడండి. 2 ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజుకు సుమారు 50 కిలోల పచ్చిపేడ కావాలి. ఒక పెద్ద గేదె రోజుకు 15 కిలోల పేడ వేస్తుందనుకుంటే మూడు నాలుగు గేదెలు ఉండాలి. ఒక మనిషి వంటకు రోజుకు పావు ఘనపు మీటరు గ్యాసు చొప్పున ఆరుగురి ఇంటికి ఒకటిన్నర ఘనపు మీటర్లు సరిపోతుంది. అంటే గ్యాసు నాలుగో వంతు తగ్గినా ఇల్లు గడుస్తుంది. అంతకు మించి తగ్గితేనే చిక్కు. తగ్గిన ప్రతి ఘనపు మీటరుకు సుమారు మూడున్నర కిలోల కట్టెలు కాల్చవలసి వస్తుంది.

చలిని తప్పుపట్టేముందు పేడను తూచి చూడండి. కోతలయ్యాక గొడ్లను చేలలో మేతకు వదిలితే సగం పేడ అక్కడే పడిపోతుంది. వట్టిపోయిన గేదెను అమ్మినా అంతే. ఇలా పేడ తగ్గితే గ్యాసు తగ్గడం ప్లాంటు దోషం కాదు.

వానలు వెనుకబట్టగానే చేయవలసిన పనులు

1. వాననీటిని మళ్లించండి. మనకు అక్టోబరు నుండి డిసెంబరు దాకా తుపానుల భయం ఉంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. వాననీరు పేడ కలిపే తొట్టిలోకి చేరితే లోపలి పేడనీరు పలచబడుతుంది, చల్లబడుతుంది కూడా. తొట్టికి మూత, చుట్టూ చిన్న కాలువ ఉండాలి.

2. మట్టి కప్పు సరిచేయండి. దీనబంధు వంటి డోము ప్లాంట్లకు పైనున్న మట్టే దుప్పటి. వానకు కొట్టుకుపోయిన చోట మళ్లీ మట్టి వేయాలి. నల్లరేగడి తడిసి ఉబ్బుతుంది, ఎండి బీటలు వారుతుంది కాబట్టి గరుపు మట్టి మేలు. రేగడి కదలికకు పైపు అతుకులు ఊడవచ్చు. సబ్బు నురగ పూసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. అగ్గిపుల్ల గీసి మాత్రం చూడకండి.

3. డ్రమ్ము ప్లాంటయితే తుప్పు గీకి నల్లరంగు వేయించండి. ఇనుప డ్రమ్ము నుండి వేడి త్వరగా పోతుంది. నలుపు పగటి ఎండను పట్టుకుంటుంది.

4. పైపులో చేరిన నీటిని తీసేయండి. గ్యాసులోని ఆవిరి చలికి నీరుగా మారి పైపులో నిలుస్తుంది. మంట ఎగిరెగిరి పడుతుంటే కారణం చాలాసార్లు ఇదే. చలి రోజుల్లో వారానికొకసారైనా నీటిని వదలండి.

నిత్యం పాటించవలసినవి

కలిపే నీటిని ఉదయమే ఎండలో పెట్టి, మధ్యాహ్నం పేడలో కలిపి పోయండి. తెల్లవారుజామున బావినీళ్లతో కలిపి పోయడం మానండి. పేడ ఎంతో నీరు అంత. కొంత నీటికి బదులు గొడ్లచావిడిలో పట్టిన మూత్రం కలిపితే గ్యాసు పెరుగుతుంది. గడ్డిపరకలు, రాళ్లు, మట్టి ఏరివేయండి. నేల మీద నుండి ఎత్తిన పేడతో వచ్చే రేగడి అడుగున పేరుకొని ప్లాంటులో చోటు తగ్గిస్తుంది. గ్యాసు తగ్గిందని ఒకేసారి రెట్టింపు పేడ పోయకండి. లోపల పులిసి ఉన్న గ్యాసూ పోతుంది.

ఇక్కడ మిరప, పత్తి రైతులకు ఒక హెచ్చరిక. పురుగుమందు డబ్బాలతో తొట్టికి నీళ్లు మోయకండి. చావిడి కడిగిన ఫినాయిలు నీళ్లు, పొదుగువాపుకు సూదిమందు వేసిన గేదె పేడ కూడా ప్లాంటులోకి పోకూడదు. పురుగును, రోగక్రిమిని చంపే మందు గ్యాసు పుట్టించే జీవులనూ చంపుతుంది. మరమ్మతు అవసరమైనా ఎవరూ ప్లాంటు లోపలికి దిగకూడదు. ఊపిరాడక ప్రాణం పోతుంది. పని తెలిసిన మేస్త్రీని పిలిపించండి.

సంఘ సమావేశంలో చర్చించవలసిన ప్రశ్నలు

1. మన ఊళ్లో ఎన్ని ప్లాంట్లున్నాయి? వాటిలో గత చలికాలంలో ఆగిపోయినవి ఎన్ని? ఎందుకు ఆగాయి?

2. మీ ఇంట రోజుకు ఎన్ని కిలోల పేడ ప్లాంటులో పడుతోంది? తూచి చూశారా?

3. అందరి ప్లాంట్లకూ కార్తీకంలో ఒకేసారి మేస్త్రీని పిలిపించే ఏర్పాటు సంఘం చేయగలదా?

ఈ చర్చకు ఇంటి ఆడవారిని తప్పక పిలవండి. మంట ఎప్పుడు తగ్గిందో ముందుగా తెలిసేది వారికే.