అమెథిస్ట్: ఒక రత్ననామ విచారం

మన నవరత్నాలలో స్థానం లేని ఊదావన్నె స్ఫటికమే పాశ్చాత్యుల అమెథిస్ట్. గ్రీకున 'అమెథుస్తోస్' అనగా మత్తు లేనిది. ఇందలి నిషేధార్థకమైన అకారం మన నఞ్ సమాసంలోని అకారానికి, 'మెథు' శబ్దం సంస్కృత 'మధు' శబ్దానికి జ్ఞాతులు. ఈ రాయి ధరించినవారికి మద్యం తలకెక్కదని ప్రాచీనుల విశ్వాసం. క్రీ.శ. 1వ శతాబ్దికి చెందిన రోమన్ పండితుడు ప్లినీ తన 'ప్రకృతి చరిత్ర' 37వ భాగంలో దానిని మాంత్రికుల బూటకమని త్రోసిపుచ్చాడు. రాతిరంగు మద్యవర్ణాన్ని సమీపించి, అందుకోకముందే ఊదాగా మారడం ఈ పేరుకు హేతువని చెప్పే వ్యాఖ్యను కూడ అతడు పేర్కొన్నాడు. ఈ జాతిలో భారతదేశపు రాళ్లకే అగ్రస్థానమిచ్చాడు. పుదుచ్చేరి సమీపాన అరికమేడు త్రవ్వకాలలో ఈ రాతిపూసలు లభించడం ఇక్కడ గమనార్హం.

మద్యదేవత బాకస్ వెంటాడిన కన్య తెల్లని శిలగా మారగా, అతడు పోసిన ద్రాక్షాసవం వల్ల ఆ శిలకు ఊదావన్నె వచ్చిందన్న కథను గ్రీకు పురాణగాథగా పలువురు ఉదాహరిస్తారు. అది సరికాదు. ఆ కథ 1576లో వెలువడిన ఫ్రెంచి కవి రెమీ బెలో కావ్యంలోనిది. నామం నుండి కథ పుట్టిందే కాని కథ నుండి నామం పుట్టలేదు. స్థలపురాణాలు చదివినవారికి ఇది వింత కాదు.

క్రైస్తవ బిషప్పుల ఉంగరాలలో ఇది నిగ్రహచిహ్నం. నేటి జ్యోతిష్కులు శనిప్రీతికై నీలానికి బదులు ఉపరత్నంగా దీనిని సూచిస్తారు. వన్నెకు మూలం స్ఫటికంలోని లేశమాత్రపు ఇనుము, దానిపై సహజ వికిరణ ప్రభావం. కాల్చినచో ఊదా తొలగి తరచు పసుపు దేరుతుంది. అప్పుడు వర్తకులు దానిని సిట్రిన్ అన్న వేరొక పేరుతో విక్రయిస్తారు.